ఎర్రబండి ఆదివారాలు

మా ఇంట్లో కారు డాష్‌బోర్డు మీది నుంచి దేవుడు దిగాడంటే ఆ బండి అమ్ముడుపోయిందని అర్థం. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద అడ్డా పెట్టి పాత కార్లు కొని అమ్మేవాణ్ణి నేను. నాలాంటివాడికి సొంత బండి అంటూ ఉండదు. అడ్డాలో ఉన్నవాటిలో కాస్త శుభ్రమైనది ఒకటి ఇంటికి తెచ్చుకుంటాం. యాదగిరిగుట్టలో కొన్న చిన్న నరసింహస్వామిని దాని డాష్‌బోర్డు మీద నిలబెడతాం. గిరాకి దొరికిన రోజు స్వామిని తీసి అంగీ జేబులో వేసుకుని, తాళంచెవి కొన్నవాడి చేతిలో పెడతాను. మర్నాటికి స్వామి ఇంకో బండి ఎక్కుతాడు. పెళ్లయిన నాటి నుంచి ఇదే పద్ధతి.

సర్పంచ్ ఎలక్షన్లు వచ్చిన ఆ చలికాలంలో, ఒక ఆదివారం సాయంత్రం, అప్పుడు ఇంట్లో వాడుకుంటున్న ఎర్రబండి తలుపు తీస్తే డాష్‌బోర్డు బోసిగా ఉంది. బండి ఉంది, దేవుడు లేడు.

స్వామి ఇంట్లో దొరికాడు. పూజ అలమరలో మిగతా పటాల పక్కన, కొత్త కుంకుమ బొట్టుతో ఉన్నాడు.

"మాణిక్యం, ఈయన్ని ఈడ ఎవరు వెట్టిండ్రు?" అని అడిగాను.

నా భార్య మాణిక్యమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. "నేనే. దుమ్ము వట్టిండని కడిగిన."

"దుమ్ము వడితే బండ్లనే తుడవొచ్చు గదా."

"దేవుణ్ణి అద్దం తుడిచే గుడ్డతోని తుడుస్తరా?"

జవాబు బాగానే ఉంది. ముందే కుట్టించి పెట్టుకున్న అంగీలా సరిగ్గా అతికింది. పాత కార్ల వ్యాపారంలో నేను నేర్చుకున్నది ఒకటే. అడిగిన వెంటనే జవాబు వచ్చిందంటే అది నిన్ననే తయారైన జవాబు.

ఆ రోజు బండి తీసుకుపోయింది నా బామ్మర్ది వినీత్. మాణిక్యానికి ఒక్కడే తమ్ముడు. నా అడ్డాలో పనిచేస్తాడు, మా ఇంటి మీది గదిలో ఉంటాడు. వాళ్లది మంచాల దగ్గర పల్లె. ఆ ఊళ్లో వినీత్ దోస్తు ఎల్లేశ్ సర్పంచ్‌గా నిలబడ్డాడు. ప్రచారానికి పోతున్నామని చెప్పి అక్కాతమ్ముళ్లు ఆదివారాలు తెల్లవారకముందే బండి తీసేవాళ్లు. మధ్యాహ్నం దాటాక వచ్చేవాళ్లు. ఆ ఊళ్లో ఇద్దరికీ ఓటు లేదు.

ఎలక్షన్ల నెలలో కారు ఎందుకు పనికొస్తుందో పాత కార్లవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. చీకట్లో ఊళ్లకు పోయే కార్లలో మనుషులకంటే సీసాలే ఎక్కువ. దేవుణ్ణి దింపి చేసే పనులు నాకు తెలిసి రెండే. ఒకటి బండి అమ్మడం. రెండోది, ఆయన ముందు పెట్టకూడనిది బండిలో పెట్టడం. మొదటిది జరగలేదు.

పట్టుబడితే బండి పోలీసు స్టేషన్ ముందు ఎండకు ఎండుతుంది. అది చిన్న నష్టం. ఫలానా అడ్డా బండిలో మందు దొరికిందన్న మాట సాగర్ రోడ్డు మీద పడితే ఇంకెవడూ నా బండి తలుపు తీయడు. వినీత్ ఆ పనే చేస్తుంటే వాణ్ణి పంపించెయ్యాలి. వాడు గడప దాటినా అక్క ఇంట్లోనే ఉంటుంది. కాని నాతో మాట్లాడదు. ఆ చలికాలమంతా నా తక్కెట్లో ఉన్నవి ఈ రెండే. ఒకవైపు అడ్డా పేరు, ఇంకోవైపు ఇల్లు.

మర్నాడు పొద్దున్నే బండిని నేనే వీరస్వామి షెడ్డుకు తీసుకుపోయాను. వీరస్వామి మా అడ్డా వెనక మెకానిక్. నాకు ఖర్చు తగిలిన రోజు అతనికి చాయ్ రుచిగా ఉంటుంది. ముందు చక్రాలు ఊడదీసి పిలిచాడు.

"సేటూ, శ్రీశైలం గిట్ల పోయొచ్చిండ్రా?"

"ఎందుకు?"

"బ్రేకు ప్యాడ్లు ఒడిసినయ్. డిస్కు సూడు, నీలం తిరిగింది. గింత కాలాలంటే ఘాటు రోడ్డు దిగాలె. డిక్కీ నిండ లోడు వేసుకొని దిగాలె."

"మంచాల దాకనే పోయింది."

"మంచాలకాడ ఘాటు ఎప్పుడు వెట్టిండ్రు?" అని వీరస్వామి తన మాటకు తనే నవ్వుకున్నాడు.

నేను బండి చుట్టూ తిరిగాను. ముందు టైర్ల బయటి అంచులు ఆకురాయితో రాకినట్టు అరిగాయి. హెడ్‌లైట్ల అద్దం మీద వేలు పెడితే అతుక్కుంది, జిగురు. తలుపు మీద కూడా అంతే, చదరంగా ఒక మేర దుమ్ము పట్టుకుని ఉంది. ఏదో అంటించి పీకారు. షెడ్డు మూలన గోనెసంచి కప్పి ఉన్నదాన్ని కాలితో తొలగించాను. స్టెప్నీ, జాకీ, కాళ్ల కింది మ్యాట్లు.

"ఇవి ఎవరియి?"

"ఎర్రబండియే. వినీత్ శనివారం దించుతడు, సోమారం ఎక్కిస్తడు. నీకు తెల్వదా?"

"తెలుసు. కొత్త ప్యాడ్లు వెయ్యి" అన్నాను. వీరస్వామి ముందు తెలియదనడం కంటే నష్టపోవడమే నయం.

అన్నీ ఒకదానికొకటి కలిశాయి. స్టెప్నీ దించింది డిక్కీలో పెట్టెలకు చోటు కోసం. తలుపు మీద అంటించింది ఎల్లేశ్ పోస్టరు. హెడ్‌లైట్లకు అంటించింది చీకట్లో వెలుతురు తగ్గించడానికి. దేవుడు దిగింది ఎందుకో సరేసరి. పాతిక ముప్పై కార్ల మీద సొట్టలు కప్పడానికి లప్పం ఎక్కడ పూశారో చూపుతోనే చెప్పగలిగినవాణ్ణి, మా ఇంటి బండి బతుకు చదవలేనా అనుకున్నాను.

అడ్డాలో వినీత్ ఒక కారు అద్దం తుడుస్తున్నాడు.

"డిక్కీల ఏమేస్తున్నవ్‌రా?" అన్నాను.

"ఏం లేదు బావ."

"ఏం లేనిదానికి స్టెప్నీ ఎందుకు దించినవ్?"

"బరువు తగ్గుతదని."

"ఏం ఎక్కిస్తే బరువైతదని?"

వాడు ఇంటివైపు చూశాడు. మా ఇల్లు అడ్డాను ఆనుకునే ఉంటుంది. మెట్ల మీద మాణిక్యం నిలబడి ఉంది. వాడి చూపు పోవడం, ఆమె తల అడ్డంగా కదలడం, రెండూ నాకు కనిపించాయి.

"ఒట్టు బావ, నువ్వనుకునేది గాదు."

"నేనేమనుకుంటున్ననో నీకెట్ల తెలుసు?"

"నువ్వెప్పుడన్న మంచిది అనుకున్నవా బావ?"

బావను ఎగతాళి చేసే హక్కు బామ్మర్దికి ఉంటుంది. వేరే రోజైతే నవ్వేవాణ్ణి. "ఎలక్షన్లు అయినంక నీ దారి నువ్వు సూసుకో. మీది రూమ్ ఖాళీ చెయ్యి" అన్నాను.

"సరే బావ."

నిజాయితీగలవాడు కొట్లాడతాడు. వాడు గుడ్డ పిండి బకెట్టు మీద ఆరేశాడు. అంతకంటే రుజువు ఏం కావాలి?

మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ మాణిక్యం అంది. "మనిషిని గూడ టైరు లెక్క గోకి సూస్తవా?"

"గోకితేనే తెలుస్తది."

"ఏం తెలిసింది మరి?"

నేను అన్నం కలుపుకున్నాను. ఆమె పప్పు గిన్నె నా దగ్గర పెట్టి లోపలికి పోయింది. మళ్లీ వడ్డించడానికి రాలేదు.

బండి పోతే బాగోతమూ పోతుందని లెక్క వేశాను. గిరాకి ఉన్నాడు. గోదావరి జిల్లా నుంచి వచ్చి అబ్దుల్లాపూర్‌మెట్ కాలనీలో ఇల్లు కట్టుకున్న జోగారావు గారు చిన్న పెట్రోలు బండి కోసం అప్పటికే రెండుసార్లు వచ్చి పోయారు. ఫోను చేస్తే భార్య లలితకుమారి గారిని వెంటపెట్టుకుని కిరాయి కారులో వచ్చారు. ఆమె ఎప్పుడు వచ్చినా వెనక సీట్లోంచి దిగరు. ఆయన మాత్రం ఫ్రిజ్ మీది నుంచి పీక్కొచ్చిన అయస్కాంతం పట్టుకుని, ఎక్కడ జారితే అక్కడ లప్పం ఉందని, ఎర్రబండి ఒళ్లంతా ఆనించి చూశారు. అది ఎక్కడా జారలేదు. ఆయనకు అదే అనుమానమైంది.

"అంతా బాగానే ఉందంటే ఎందుకు అమ్ముతున్నారండీ?"

"అమ్ముకునేటోన్ని అమ్మకుంటే ఎట్ల సార్?"

"ఎవరు నడిపారండీ దీన్ని?"

"ఆడోళ్లు నడిపిన బండి సార్" అన్నాను. మా వ్యాపారంలో ప్రతి బండీ ఆడవాళ్లు నడిపిందే, లేకపోతే డాక్టరు నడిపిందే. మెత్తగా నడిచిందని చెప్పడానికి అంతకంటే చిన్న మాట లేదు. ఆ మాట అంటున్నప్పుడు మెట్ల మీద మాణిక్యం ఉన్నట్టుంది, నేను చూసుకోలేదు.

సోమవారం బండి ఇస్తానని మాట ఇచ్చాను. జోగారావు గారు వెళ్లగానే ఆమె వచ్చింది.

"వచ్చే ఆదివారం పోనియ్యి. అంతకు ముందల ఇయ్యకు."

"సోమారమే ఇస్తనన్న. గానీ ఎందుకు?"

"అడుగుతున్న గదా."

ఇన్నేళ్లలో మా ఇంటికి ఎన్ని బండ్లు వచ్చాయో, ఎన్ని పోయాయో. ఒక్కదాన్ని ఆపమని ఆమె అడగలేదు. అడిగిందంటే ఆదివారం ఏదో పెద్దదే ఉంది. ఎల్లేశ్ ఊళ్లో పోలింగు ఆ తర్వాతి వారమే. ఆఖరి సరుకు దిగేది అప్పుడే.

శనివారం ఇంకొకటి దొరికింది. పెళ్లిళ్లకు వేసుకునే నా తెల్ల ఫుల్ చేతుల అంగీ బీరువాలో లేదు. వినీత్ సంచిలో మడిచి ఉంది. ఉతికిందే, కాని కాలర్ దగ్గర కాలిన రబ్బరు వాసన. వాడి అంగీలు వాడికి లేవా? దూరం నుంచి చూసినవాళ్లు బండిలో ఉన్నది నేనే అనుకోవాలని వేసుకుంటున్నాడని నాకు తోచింది. పట్టుబడితే సాక్షులు నా పేరు చెబుతారు. అంగీ ఎలా ఉందో అలాగే పెట్టేశాను.

ఆదివారం చీకటి ఉండగానే ఎర్రబండి కదిలింది. అడ్డా నిండా కార్లున్నాయి, ఒక్కటీ పనికిరాదు. ప్రతి బండి హారన్ మోత కూడా వినీత్‌కు తెలుసు. వీరస్వామిని నిద్రలేపి అతని స్కూటర్ అడిగాను.

"స్కూటర్ల బేరం గూడ మొదలు వెట్టినవా సేటూ?"

"టెస్ట్ డ్రైవ్."

"బ్రేకు లేదు దానికి, జర సూసుకో."

మంచు పడుతోంది. మంకీ క్యాప్ వేసుకుని వెనక దీపాలు చూస్తూ పోయాను. ఎర్రబండి మంచాల దారి పట్టలేదు, కందుకూరు వైపు తిరిగింది. ఎల్లేశ్‌కు కందుకూరులో ఓట్లు లేవు. సరుకు ఎక్కించుకునేది అక్కడన్నమాట. ఇప్పుడు చేతికి దొరుకుతారని ఒకపక్క సంతోషం. దొరికితే ఏం చేయాలో తెలియక ఇంకోపక్క స్కూటర్ దానంతటదే నెమ్మదించింది.

కందుకూరు దాటాక మట్టిదారిలో కొంత దూరం పోతే ఎత్తైన రేకుల ప్రహరీ వచ్చింది. గేటు ముందు కార్లు వరుసగా ఆగి ఉన్నాయి. ఖరీదైనవి కావు. అన్నీ రోడ్డు మీద తిరిగేవే, నా అడ్డాలో నిలబడాల్సినవే. ప్రతిదానికీ హెడ్‌లైట్ల మీద టేపు అడ్డంగా నిలువుగా అంటించి ఉంది. తలుపుల మీద అంకె వేసిన కాగితం. టోపీ పెట్టుకున్న మనిషి ఒక్కో కారులోకి వంగి చూస్తున్నాడు. నా ముందున్న కారు డాష్‌బోర్డు మీద గణపతిని రెండు చేతులతో తీసి, కళ్లకు అద్దుకుని, కారతని చేతిలో పెట్టాడు.

"వచ్చేసారి ఇంట్ల వెట్టి రా అన్న. బ్రేకు కొడితే ఎగిరొచ్చి మొకానికి తగుల్తడు. మ్యాట్లు గూడ తియ్యి, పెడల్ కిందికి వస్తయి. స్టెప్నీ దించినవా?"

నేను స్కూటర్ మీదే కూర్చుండిపోయాను. నా దగ్గరికి వచ్చాక అడిగాడు. "నడపనీకె వచ్చినవా, సూడనీకెనా?"

"ఏం జరుగుతది ఈడ?"

"ట్రాక్ డే. ఎవరి కారు వాళ్లు తెచ్చుకుంటరు. రోడ్డు మీద పోరాని స్పీడు ఈడ పోతరు. రేసు గాదు, గెలుసుడు ఓడుడు లేదు."

"లైట్లకు టేపెందుకు?"

"పగిల్తే ముక్కలు ట్రాక్ మీద పడొద్దని."

సంతకం పెట్టమని కాగితం ఇచ్చాడు. లోపల ఎవరికి ఏమైనా, ఏ బండికి ఏమైనా తమకు సంబంధం లేదని దాని సారాంశం. నేను మొత్తం చదివాను. నా వెనకవాళ్లు హారన్ కొట్టారు. ఇంత ధైర్యంగా వ్యాపారం చేసేవాళ్లను చూసి కొంచెం అసూయ కూడా కలిగింది. ఇన్సూరెన్సు కూడా ఇక్కడ చెల్లదని అందులోనే రాసి ఉంది.

లోపల గుట్టల మధ్య నల్లటి తారు మెలికలు తిరిగి మళ్లీ మొదటికే వస్తోంది. ఎక్కడికీ పోని రోడ్డు. దాని మీద కార్లు కీచుమంటూ తిరుగుతున్నాయి. కాలిన రబ్బరు వాసన, నా అంగీ కాలర్ మీది వాసన. కంచె దగ్గర వినీత్ గాలి చూసే మీటరు పట్టుకుని నిలబడ్డాడు. వాడి భుజం మీద చెయ్యి వేశాను. మీటరు కింద పడింది.

"బావ."

"మందు మోస్తున్నవనుకున్నరా. గీ పనా నువ్వు చేసేది?"

"చెప్పిన గదా, నువ్వనుకునేది గాదని."

"నా బండి యాడుంది?"

వాడు ట్రాక్ వైపు చెయ్యి చూపాడు. ఎర్రబండి దూరం మలుపులోంచి వస్తోంది. ముక్కు వంచి, తోక కొంచెం పక్కకు జరిపి, మళ్లీ సర్దుకుని, మా ముందు నుంచి దూసుకుపోయింది. లోపల హెల్మెట్, నా తెల్ల అంగీ.

"నువ్వు ఈడుంటే అండ్ల ఎవరురా?"

"ఇంకో రెండు సుట్లు ఆగు బావ" అన్నాడు వినీత్. వాడి గొంతులో భయం లేదు, బతిమాలడం ఉంది.

జెండా ఊపారు. బండ్లన్నీ నెమ్మదించి ఒక్కొక్కటే లోపలికి వచ్చాయి. ఎర్రబండి మా ముందు ఆగింది. వినీత్ పోయి వెనక చక్రం కింద ఇటుక పెట్టాడు. బ్రేకులు కాలి ఉన్నప్పుడు హ్యాండ్‌బ్రేకు వేయకూడదట. హెల్మెట్ తీసింది మాణిక్యం. కొప్పు ఊడి మెడ మీద పడింది. నా అంగీ చేతులు మణికట్టు దాకా గుండీలు పెట్టి ఉన్నాయి. నన్ను చూసింది. దిగలేదు.

అడగాల్సినవి చాలా ఉన్నాయి. "గది నా అంగీ గదా" అన్నాను.

"ఫుల్ చేతులుండాలంటరు. నాకాడ యాడున్నయి?"

వినీత్ మధ్యలోకి వచ్చాడు. "ముందల నేనే వచ్చిన బావ, దోస్తులతోని. అక్కను సూడనీకె తోలుకొస్తే నన్ను దింపి తనే కూసుంది. నేను కోన్లను గుద్దుత. అక్క ఒక్కటి గూడ గుద్దలే."

గుద్దదు. మా అడ్డాలో బండికీ బండికీ మధ్య జానెడు సందు ఉంటుంది. రోజూ పొద్దున నీళ్లు కొట్టడానికి వాటిని ఒక్కొక్కటే బయటికి తీసి, మళ్లీ వెనక్కి నడిపి పెట్టేది మాణిక్యమే. గేటు దాటాక మాత్రం స్టీరింగు నాది.

"నాకు చెప్తే అయిపోవు గదా" అన్నాను. "వీణ్ణి ఇంట్లకెల్లి ఎల్లగొట్టినంత పని చేసిన."

"సూసిన. వాడు చెప్తనన్నడు, నేనే వద్దన్న. నీకు చెప్తే ఏం జేస్తుంటివి?"

"వద్దంటుంటి."

"వద్దనకపోతుంటివి. బండి అమ్ముతుంటివి."

వినీత్ కిందికి వంగి, అప్పటికే చూసిన టైరులో మళ్లీ గాలి చూశాడు.

"అమ్మనే అమ్మినవ్" అంది ఆమె. కోపంగా అనలేదు. "రేపు ఆయనకు ఇచ్చెయ్యి. మాటిచ్చినవ్, తప్పితే అడ్డాకు మంచిది గాదు. ఈ ఒక్క పొద్దు నాకు సాలు."

టోపీ మనిషి వచ్చి కారు కప్పు మీద తట్టాడు. "అక్కా, ఈసారి రెండో గుంపుతోని పో. కొత్తోళ్ల గుంపుల నీకేం పని?"

పై గుంపులో ఒక్కసారైనా నడపడానికే ఆదివారం దాకా ఆపమందని అప్పుడు అర్థమైంది. ఆమె హెల్మెట్ మళ్లీ పెట్టుకుంది. పక్క సీటు చూపించింది.

"కూసుంటవా?"

"వద్దు" అన్నాను.

కంచె పట్టుకుని నిలబడ్డాను. ఒక్కో మలుపుకు టైరు ఎంత అరుగుతుందో, ప్యాడ్లు ఎంత పోతాయో అలవాటుగా లెక్క కట్టడం మొదలుపెట్టాను. మధ్యలో ఎక్కడో లెక్క తప్పింది. మళ్లీ మొదటి నుంచి కట్టలేదు.

సోమవారం పొద్దున వినీత్ మీది గదిలోంచి సంచి భుజాన వేసుకుని దిగాడు. పోలింగుకు ఇంకా వారం ఉంది.

"గా బ్యాగేంది?" అన్నాను.

"రూమ్ ఖాళీ చెయ్యమన్నవ్ గదా బావ."

"జోగారావు సార్ వస్తున్నడు. లోపల వెట్టి కుర్చీలెయ్యి."

వాడు నన్ను ఒక నిమిషం చూశాడు, ధర సరిగ్గా చెప్పానా లేదా అన్నట్టు. సంచి మెట్ల కింద పెట్టి కుర్చీల కోసం పోయాడు.

జోగారావు గారు తాళంచెవి కోసం చెయ్యి చాపారు. స్వామి అప్పటికే నా జేబులో ఉన్నాడు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేను. కాని సరుకు గురించి ఉన్నదున్నట్టు చెప్పడం మాట తప్పడం కాదు కదా. ఏ గిరాకీ దగ్గరా ఇంతవరకు చేయని పని, చేసి చూద్దామనుకున్నాను.

"సార్, ఒక్క ముచ్చట. ఈ బండిని ట్రాక్ మీద తిప్పిండ్రు. మస్తు స్పీడు పోయింది. బ్రేకులు కాలినయ్, ముందటి టైర్లు ఒకపక్క అరిగినయ్. తెల్సుకొని తీసుకోండ్రి."

"మొన్న ఆడవాళ్లు నడిపారన్నారు?"

"అవ్ సార్. తిప్పింది మా ఇంటామెనే."

మాణిక్యం కొంగు దోపుకుని పక్క బండికి నీళ్లు కొడుతోంది. జోగారావు గారు ఆమె వైపు చూశారు, నా వైపు చూశారు. చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"మహేశ్వర్ గారూ, ఎవడో ఎక్కువ రేటు చెప్పుంటాడు. సూటిగా చెప్పండి, అర్థం చేసుకుంటాను. నేను జడుసుకుని పోవాలని ఈ కథలెందుకండీ?"

పుట్టి బుద్ధెరిగాక వ్యాపారంలో చెప్పిన మొదటి నిజం, దాన్ని ఆయన అయస్కాంతం కూడా ఆనించకుండా పారేశారు. తాళంచెవి ఎర్రబండి కప్పు మీద పెట్టాను.

కిరాయి కారు వెనక సీటు తలుపు తెరుచుకుంది. లలితకుమారి గారు దిగారు. తిన్నగా మాణిక్యం దగ్గరికి నడిచారు.

"నిజమేనా అమ్మా?"

"అవ్" అంది మాణిక్యం, పైపు కట్టేసి.

"నేనూ డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకున్నాను. లైసెన్సు ఉంది, చేతికి బండే రాలేదు. నన్నో రౌండు తిప్పుతారా?"

"లలితా, ఎందుకిప్పుడు?" అన్నారు జోగారావు గారు. అప్పటికే తాళంచెవి అందుకుని ఇద్దరూ ఎక్కేశారు.

ఎర్రబండి సాగర్ రోడ్డు ఎక్కి కనిపించకుండా పోయింది. వినీత్ చాయ్ తెచ్చాడు, తాగాం. వాళ్లు రాలేదు. ఇంకో చాయ్ తెచ్చాడు.

"ఇంతసేపా అండీ?" అన్నారు ఆయన.

"బస్సులుంటయ్ సార్ ఈ టైముకు" అన్నాను. నిజానికి నేనూ రోడ్డే చూస్తున్నాను.

వచ్చారు. లలితకుమారి గారు దిగిన తలుపు డ్రైవరు వైపుది. నుదుటి మీద చెమట, కళ్లు ఇంత చేసుకుని ఉన్నారు. భర్త దగ్గరికి వచ్చి నెమ్మదిగా అన్నారు.

"ఈ బండి మనకొద్దండీ. ఇంజిన్లో ఏదో మోత వస్తోంది."

ఆ ఇంజిన్లో మోత లేదు. వారం కిందటే వీరస్వామి విన్నాడు, నేను విన్నాను. ఉన్న మోతను లేకుండా చేసే విద్య తెలిసినవాణ్ణి నేను. లేని మోత విన్నవాళ్లను అప్పుడే చూడటం. మాణిక్యం వైపు చూశాను. ఆమె బండిలోనే ఉండి, సరిగ్గానే ఉన్న అద్దాన్ని సర్దుతోంది.

జోగారావు గారు నా మొహంలోకి చూశారు. "మోత ఉందా?"

అబద్ధానికి అడ్రసు ఉండాలి, లేకపోతే నిలబడదు. "ఉన్నది సార్" అన్నాను. "మూడో గేర్ల. ఎక్కిన ప్రతిసారి రాదు. చెప్పొద్దనుకున్న."

"అదీ సంగతి" అన్నారు ఆయన, చాలా రోజులుగా పోయిన వస్తువు దొరికినట్టు. "నేను మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నాను. అంత శుభ్రంగా ఉందంటేనే ఏదో ఉండాలి."

వినీత్ ఆయనకు తెల్లబండి చూపించాడు. అయస్కాంతం ఒక తలుపు మీద జారింది. ఆయన ముఖం విప్పారింది, బేరం మొదలుపెట్టారు. ఆ బేరం ముగిసేలోపు లలితకుమారి గారు స్టీరింగు ముందు కూర్చున్నారు. పక్కకు జరగమని ఆయన రెండుసార్లు అన్నారు. ఆమె బెల్టు పెట్టుకున్నారు. ఆయన బండి చుట్టూ తిరిగి ఎడమవైపు ఎక్కారు.

వాళ్లు పోయాక మాణిక్యం పైపు మళ్లీ అందుకుంది. నేను జేబులోంచి స్వామిని తీసి ఎర్రబండిలో పెట్టాను.

"ఇద్దరు అంతసేపు ఏం మాట్లాడిండ్రు?" అని అడిగాను.

"ఏముంటది, బండ్ల ముచ్చట."

"అంతసేపు బండ్ల ముచ్చటనే?"

ఆమె ఎర్రబండి ముందు చక్రం మీద నీళ్లు కొట్టి, మట్టంతా పోయేదాకా ఆగి, అప్పుడు నా వైపు తిరిగింది.

"మూడో గేర్ అని ఎందుకన్నవ్? మేము రెండో గేర్ అనుకొని వచ్చినం."